దొరసాని పక్కకి జరిగింది

ఆ వేసవి మొదట్లో ఒక పొద్దున దొరసాని మా అత్తయ్య చేతుల కింద నుంచి ఒక్క అడుగు పక్కకి జరిగింది. అంతే. కరవలేదు, తన్నలేదు, తోకైనా విసరలేదు. నేను బకెట్టు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను కాబట్టి నా కంటబడింది గానీ, లేకపోతే ఆ సంగతి ఇంకెవరికీ తెలిసేది కాదు.

గుర్రం అన్నాక కదలదా అంటారేమో. కదులుతుంది. నా చేతి కింద కదులుతుంది, రౌతు కాళ్ళ మధ్య కదులుతుంది. మా అత్తయ్య చేతి కింద మాత్రం కదలదు. మా లాయంలో కలిగినవాళ్ళు తమ గుర్రాల్ని ఉంచుకుని కంచెలు దూకే పోటీలకి తయారుచేయిస్తూ ఉంటారు. దూకి దూకి వాటి మెడలూ వీపులూ తుంటులూ పట్టేస్తే, పట్టేసిన కండని సడలించడం మా అత్తయ్య పని. గుర్రాల మాలీషు. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది. లాయంలో అందరూ ఆవిణ్ణి మాలీషమ్మ అనే పిలుస్తారు, మేనేజరొక్కడే మర్యాదగా పెద్దమ్మా అంటాడు. గుర్రం పక్కన ఒక చెక్కపెట్టె వేసుకుని, దాని మీద నిలబడి, చెవుల వెనక మొదలుపెట్టి మెడ, భుజం, వెన్నుకి రెండు పక్కలా వీపు, తుంటి, అలా నెమ్మదిగా వెనక్కి వెళ్ళేది. కాసేపటికి గుర్రం తల దిగిపోయేది. కింది పెదవి వేలాడేది. ఒక వెనక కాలు వదులుగా వేసుకుని, కళ్ళు అరమోడ్చి, చివరికి నోరంతా తెరిచి ఒక్క ఆవులింత తీసేది. "ఆ, వదిలేశావా తల్లీ" అని అప్పుడు పెట్టె దిగేది అత్తయ్య.

పెళ్ళయి వచ్చిన దగ్గర నుంచీ నేను ఆవిడ వెనక బకెట్లు మోస్తున్నాను. నాకూ పని నేర్పాలని పాపం చాలా తంటాలు పడింది. "ఇక్కడ వేళ్ళు పెట్టు. ఏం తగిలింది?" అనేది. "గుర్రం తగిలింది అత్తయ్యా" అనేదాన్ని. "నీ మొహం! లోపల తాడులాగా బిగుసుకుని ఏదో లేదూ?" ఉండే ఉంటుంది. నాకు మటుకు ఎక్కడ ముట్టుకున్నా గుర్రమే తగిలేది. "నీ చేతులకి చెవుల్లేవే" అని విసుక్కునేది. "ఉన్న రెండు చెవులకీ మీ కేకలే సరిపోతున్నాయి" అని నేనూ ఊరుకునేదాన్ని కాదు. మా ఇద్దరికీ అలా గడిచిపోయేది.

ఇక దొరసాని. గోధుమరంగు ఆడగుర్రం. బకెట్లో నీళ్ళు నచ్చకపోతే వాసన చూసి కాలితో తన్నేసేది, అందుకని ఆ పేరు. వచ్చినప్పుడు ఎముకల గూడు. ఎవరో చేతగాని రౌతు నోరు లాగి లాగి మెడంతా కొయ్యలా బిగిసిపోయి ఉండేది, మనిషి చెయ్యెత్తితే వణికిపోయేది. దాన్ని మనుషుల్లో పడేసింది అత్తయ్యే. వారాల తరబడి దాని మెడ మీద ఊరికే చేతులు ఆనించి నిలబడేది. ఆ తరవాత అత్తయ్య గొంతు వినబడితే చాలు, తలుపు మీద నుంచి మెడ సాచి సకిలించేది. అలాంటి దొరసాని జరిగింది.

అత్తయ్య పెట్టెని ముందుకి లాక్కుని మళ్ళీ ఎక్కింది. "ఏమొచ్చిందే నీకు ఇవాళ?" అంటూ రెండు బొటనవేళ్ళూ వెన్ను పక్కన ఆనించి నొక్కింది. గుర్రం వీపు కిందికి కుంగింది, చర్మం జలదరించింది.

"చూశావా? వీపు పట్టేసింది. బాగా లోతుగా ఉన్నట్టుంది, చేతికి అందట్లేదు" అంది.

చేతికి అందట్లేదన్న మాట ఆవిడ నోట నేను వినడం అదే మొదలు.

*

లాయం వెనక రెండు గదుల ఇల్లు మాది. పొద్దున్నే పనిలోకి వెళ్ళేటప్పుడు అత్తయ్య పొడుగు చేతుల చొక్కా ఒకటి వేసుకునేది. ఆ చొక్కా గుండీలతో ఆ రోజుల్లో రోజూ ఒక యుద్ధం.

"ఈ గుండీలు చిన్నవయిపోతున్నాయేంటే?" 

"గుండీలెక్కడైనా చిన్నవవుతాయా అత్తయ్యా?" 

"అయితే బెజ్జాలు చిన్నవయ్యాయి. నువ్వే పెట్టు, పొద్దెక్కిపోతోంది."

పెట్టేదాన్ని. సూదిలో దారం ఎక్కించమంటే ఎక్కించేదాన్ని. టీ గ్లాసు జారి పగిలితే ఊడ్చేసేదాన్ని. పొద్దున్నే నిద్ర లేచి చేతులు రెండూ విదిలించుకుంటూ కూర్చునేది, తడి చేతులు విదిలించినట్టు. "ఏమయింది?" అంటే "తిమ్మిరి" అనేది. తిమ్మిరి ఎవరికి ఎక్కదు? అందరం కలిసి కళ్ళ మీద పడ్డాం. వయసు మీద పడింది, చూపు మందగించింది, అందుకే సూది కనబడట్లేదు, గుండీ దొరకట్లేదు అని తేల్చేశాం. అత్తయ్య కూడా సంబరంగా ఒప్పుకుంది. కళ్ళయితే కళ్ళజోడుతో పోతుంది కదా.

మా ఆయన గుర్రాలకి నాడాలు కొడతాడు. పని చేసేటప్పుడు నోట్లో మేకులుంటాయి కాబట్టి మాట్లాడడు. మేకులు లేనప్పుడూ అలవాటు కొద్దీ మాట్లాడడు. ఆ మనిషి ఒక సాయంత్రం అమ్మని వెంటబెట్టుకెళ్ళి కళ్ళజోడు చేయించుకొచ్చాడు. అత్తయ్య అది పెట్టుకుని ముందు నన్నే చూసింది. 

"అమ్మో, నీ మొహాన ఇన్ని మచ్చలున్నాయేంటే? ఇన్నాళ్ళూ ఎర్రగా బుర్రగా ఉందనుకుంటున్నానే నా కోడలు!"

ముగ్గురం పడీ పడీ నవ్వాం. మర్నాడు పొద్దున ఆవిడ చొక్కా వేసుకుని కిటికీ దగ్గర వెలుతురులో నిలబడింది. నేను పొయ్యి దగ్గర నుంచి చూస్తున్నాను. గుండీని కొత్త కళ్ళద్దాల్లోంచి తేరిపార చూసింది. వేళ్ళతో పట్టుకుంది. జారింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జారింది. ఈసారి గుండీని వదిలేసి వేళ్ళని చూసుకుంటూ చాలాసేపు అలాగే నిలబడింది.

"ఆ కళ్ళజోడువాడు మనల్ని మోసం చేశాడే" అని పిలిచింది. "రా, వచ్చి గుండీలు పెట్టు."

*

దొరసాని రోజురోజుకీ పాడైంది. దాణా సరిగ్గా ముట్టేది కాదు. జీను వెయ్యబోతే చెవులు వెనక్కి పెట్టేది. కంచె దాకా పరిగెత్తి ఆగిపోయేది. దాని యజమానురాలు స్వయంగా రౌతు. ఎప్పుడూ గలగలలాడే మనిషి కాస్తా బిక్కమొహం వేసుకుని లాయం చుట్టూ తిరిగింది. వేసవి చివర పోటీలు. వాటి కోసం ఏడాదంతా ఎదురుచూసింది ఆవిడ.

గుర్రాల డాక్టరమ్మని పిలిపించారు. ఆవిడ వీపంతా మిషను పెట్టి చూసింది, నడిపించింది, గుండ్రంగా పరిగెత్తించింది.

"ఎముకలో ఏమీ లేదు. లోతుగా కూడా ఏమీ కనబడట్లేదు. పైపైన కండ నలిగినట్టుంది. జీను సరిగ్గా కుదరట్లేదేమో, మార్చి చూడండి" అంది.

"జీను కాదమ్మా. లోపలుంది. నా చేతికి తెలుస్తోంది" అంది అత్తయ్య.

డాక్టరమ్మ మంచి మనిషి. అత్తయ్య మాటంటే ఆవిడకీ గురి. కొట్టిపారెయ్యలేక "సరే, ఇంకొన్నాళ్ళు చూద్దాం" అంది. జీను మార్చారు. ఏమీ మారలేదు. మేనేజరు తల పట్టుకున్నాడు.

"పెద్దమ్మా, మీరు చెప్పండి. వీపు బాగవుతుందా, లేదా? ఇది దూకదంటే ఇప్పుడే చెప్పెయ్యండి. వీపు పోయిన గుర్రాన్ని మేపుతూ కూర్చోలేం కదా. గుర్రం గలావిడ కూడా అమ్మేద్దామా అని అడుగుతోంది."

"అమ్మితే ఎవరు కొంటారు దీన్ని?" అంది అత్తయ్య.

మేనేజరు చూపు పక్కకి తిప్పుకున్నాడు. దూకలేని, జీను వెయ్యనివ్వని గుర్రాన్ని ఎవరు కొంటారో, కొని ఏం చేస్తారో అక్కడున్న అందరికీ తెలుసు. 

"పోటీల దాకా టైమియ్యండి బాబూ. నేను బాగుచేస్తాను" అంది అత్తయ్య.

ఇక చూస్కోండి. పొద్దునా సాయంత్రమూ అదే పని. మిగతా గుర్రాలన్నీ అయ్యాక ఒళ్ళు అలిసిపోయి ఉండేది, అయినా పెట్టె ఎక్కేది. దొరసాని మెలికలు తిరిగిపోయేది. "ఓర్చుకో తల్లీ, ఓర్చుకో. నిన్నెవరికీ ఇవ్వనివ్వను" అంటూ మోచేత్తో సహా బరువంతా వేసేది. నేను కళ్ళెం పట్టుకుని దాని మొహంలోకి చూస్తూ నిలబడేదాన్ని. అది నా భుజం వెనక మొహం దాచుకోవాలని చూసేది. నాకు ఏడుపొచ్చేది. మందు చేదుగానే ఉంటుంది కదా అని సర్దిచెప్పుకునేదాన్ని.

*

బకెట్లు మోసీ మోసీ ఒకరోజు నా మెడ పట్టేసింది. మధ్యాహ్నం వేళ. మా ఆయన భోంచేసి గోడకానుకుని కూర్చున్నాడు.

"ఇలా రా, కూర్చో" అంది అత్తయ్య. నాకెప్పుడు మెడ పట్టినా ఆవిడే తీసేది. ఆవిడ చేతులు పడితే నిద్ర ముంచుకొచ్చేది నాకు. ఆ ధైర్యంతోనే ఆవిడ కాళ్ళ ముందు చతికిలబడ్డాను.

బొటనవేళ్ళు భుజం మీద దిగగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. కెవ్వున కేక పెట్టి ముందుకి పడ్డాను.

"ఏంటే ఆ అరుపు? ఇంకా మెత్తగానే పట్టాను."

"మెత్తగానా!" 

"మరి? పసిపిల్లకి నూనె రాసినట్టు పట్టాను. నీకు మరీ గారం ఎక్కువైపోయింది." మళ్ళీ పట్టుకుంది. నేను పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారిపోయాయి. వెనక నుంచి ఆవిడ తాపీగా ఏదో కబురు చెబుతూనే ఉంది. ఆవిడకి నా భుజం ఎంత బలంగా నలుగుతోందో తెలియట్లేదు. నిజంగానే మెత్తగా పట్టాననుకుంటోంది.

అప్పుడు తట్టింది నాకు. దొరసాని వీపులో ఏమీ లేదు. మిగతా గుర్రాలు ఓర్చుకున్నాయి, ఈ సుకుమారి ఓర్చుకోలేదు, అంతే. మొదటి రోజు ఆవిడ వేళ్ళకి దాని వీపు తెలియలేదు. తెలియలేదు కాబట్టి ఇంకా లోతుగా నొక్కింది. నొక్కేసరికి నొప్పెట్టి అది కుంగింది. కుంగింది కాబట్టి లోపల జబ్బుందనుకుంది. ఉందనుకుంది కాబట్టి ఇంకా నొక్కింది. 

సాయంత్రం మా ఆయనకి నా భుజం చూపించాను. బొటనవేళ్ళ అచ్చులు రెండూ కమిలి నల్లగా ఉన్నాయి.

"మీరు చెప్పండి" అన్నాను.

"నువ్వు చెప్పు."

"మీ అమ్మ కదా!"

"నీకు చనువు ఎక్కువ కదా."

"చనువుంటే? మీ చేతులు పోయాయని చెప్పమంటారా నన్ను? ఆవిడకి ఆ చేతులు తప్ప ఏమున్నాయండీ?"

ఆయన నేల మీద పడున్న నాడా ఒకటి తీసి అటూ ఇటూ తిప్పాడు. "మేకు తప్పి కండలోకి దిగిందనుకో, గుర్రం తన్ని చెబుతుంది. ఆ మేకు పీకి మళ్ళీ కొడతాను. అమ్మకి చెప్పాక ఏం పీకాలి, ఏం కొట్టాలి?" అన్నాడు. నేను ఆయన్ని కట్టుకున్నాక ఆయన మాట్లాడిన అతి పెద్ద మాట అదే.

మర్నాడు ధైర్యం చేసి నేనే ఎత్తాను. "అత్తయ్యా, దొరసానిని కొన్నాళ్ళు ముట్టుకోకుండా వదిలేస్తే?"

"వదిలేస్తే అమ్మేస్తారే పిచ్చిదానా."

"పోనీ కొంచెం మెత్తగా పడితే..." 

చేతులాపి నావైపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది. "నాకు నేర్పుతున్నావా?" అని అడిగింది, అంతే. బకెట్టు తీసుకుని బయటికొచ్చేశాను.

*

వీపుకి కాపడం పెడతానంది ఒక పొద్దున. పెద్ద తువ్వాలు వేణ్ణీళ్ళలో ముంచి, పిండి, గుర్రం వీపు మీద పరిచి ఆ వెచ్చదనంలో కండ మెత్తబడ్డాక చెయ్యి వేస్తారు. మామూలుగా చేసేదే. నీళ్ళు మరిగించి తేవడం నా పని. తగినన్ని చన్నీళ్ళు కలిపి చేత్తో పట్టి చూసుకోవడం ఆవిడ పని. ఎంత వేడి ఏ గుర్రం ఓర్చుకుంటుందో ఆవిడ అరచేతికి తెలుసు, నాకు తెలియదు.

ఆ వేళ నేను చన్నీళ్ళ బకెట్టు తెచ్చేలోపే ఆవిడ తువ్వాలు ముంచేసింది. పొగలు కక్కుతున్న తువ్వాల్ని రెండు చేతులా మెలిపెట్టి తాపీగా పిండింది. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారుతున్నాయి. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. నేను చూస్తున్నాను. చూస్తూనే ఉన్నాను. "అత్తయ్యా" అనేలోపు అది గుర్రం వీపు మీద పడింది.

దొరసాని అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు. అది ఎగిరి గోడకి కొట్టుకుంది. చెక్కపెట్టె ఎటో దొర్లిపోయింది, అత్తయ్య గడ్డిలో పడింది. నేను ఎలా వెళ్ళానో నాకే తెలియదు, తువ్వాలు లాగి పారేశాను. చేతులు భగ్గుమన్నాయి. నలుగురూ పరిగెత్తుకొచ్చారు. ఒకళ్ళు కళ్ళెం పట్టుకున్నారు, ఇంకొకళ్ళు గుర్రం వీపు మీద చన్నీళ్ళు కుమ్మరించారు. వెనకే మేనేజరు.

"ఎవరు చేశారిది? మరిగే నీళ్ళు పోస్తారా ఒంటి మీద? ఎవరూ?"

అత్తయ్య లేచి కూర్చుని తన అరచేతులకేసి చూసుకుంటోంది. ఎర్రగా ఉడికినట్టున్నాయి.

"నేనేనండీ. చన్నీళ్ళు కలిపాననుకుని ఇచ్చేశాను. మర్చిపోయాను" అన్నాను.

మేనేజరు నన్ను నానా మాటలూ అన్నాడు. ఎద్దు మొద్దు స్వరూపం అన్నాడు, కళ్ళు నెత్తికెక్కాయా అన్నాడు. "దీన్ని ఆ గుర్రం దరిదాపులకి రానివ్వకండి పెద్దమ్మా" అన్నాడు. ఎప్పుడూ నన్ను ఎవరైనా ఒక్క మాటంటే పదంటించే అత్తయ్య ఆ రోజు నోరు విప్పలేదు.

అందరూ వెళ్ళాక ఆవిణ్ణి పెరట్లో కుళాయి దగ్గరికి తీసుకెళ్ళాను. చేతులు పట్టుకుని నీళ్ళ కింద పెట్టాను.

"మండుతున్నాయా?" 

తల అడ్డంగా ఊపింది.

"నీకు?" 

"మండుతున్నాయి అత్తయ్యా."

"అయితే ముందు నీ చేతులు పెట్టు" అని తన చేతులు తీసేసుకుంది.

*

ఆ మధ్యాహ్నమే మేనేజరుకి కబురు పంపింది. కోడలి చేతులు కాలాయి, సాయం లేకుండా నేను చెయ్యలేను, కొన్నాళ్ళు పని ఉండదు అని. డాక్టరమ్మ వచ్చి దొరసాని వీపుకి మందు రాసి, మానేదాకా దాని వీపు మీద ఎవరూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదంది. వెళ్ళేటప్పుడు మా ఇంటి గుమ్మంలో ఆగింది. నా చేతులకి కట్టున్న కట్లు చూసింది, అత్తయ్య చేతులకి కట్టున్న కట్లు చూసింది. ఏదో అర్థమైనట్టే ఉంది. "మనుషుల డాక్టరుకి కూడా చూపించండమ్మా" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

చూపించాం. మణికట్టులో నరం నలిగిపోయిందన్నాడు డాక్టరు. ఏళ్ళ తరబడి నలుగుతూ వచ్చిందట.

"ఇన్నాళ్ళూ ఏం పని చేశారమ్మా?" 

"గుర్రాలకి మాలీషు." 

ఆయన కాగితం మీద రాసుకోబోయి ఆగి, ఒకసారి తలెత్తి చూశాడు. ఆపరేషను చెయ్యొచ్చు, తిమ్మిరీ పోటూ తగ్గొచ్చు, పోయిన స్పర్శ మటుకు తిరిగొస్తుందని మాటివ్వలేను, బాగా ఆలస్యమైంది అని మర్యాదగానే చెప్పాడు.

"కొంచెమైనా రాదా బాబూ? పూర్తిగా అక్కర్లేదు. గుర్రానికీ గోడకీ తేడా తెలిస్తే చాలు" అంది అత్తయ్య.

"చెప్పలేనమ్మా." 

బయటికొచ్చాక మా ఆయన ముందు నడుస్తున్నాడు. అత్తయ్య నా పక్కన నడుస్తూ ఉన్నట్టుండి అడిగింది. "ఆ డాక్టరు చేతులు వెచ్చగా ఉన్నాయా, చల్లగా ఉన్నాయా?"

"నా చెయ్యి పట్టుకోలేదు కదా అత్తయ్యా, మీదే కదా పట్టుకున్నాడు."

"అవును కదూ" అంది.

ఆ తరవాత ఏం జరిగిందో మీరు ఊహించే ఉంటారు. ముట్టుకునేవాళ్ళు లేకపోయేసరికి దొరసాని బాగుపడింది. మొదట దాణా తినడం మొదలుపెట్టింది, తరవాత జీను వెయ్యనిచ్చింది, తరవాత చిన్న కంచె దూకింది. వార్తలు మా ఇంటికి రోజుకొకటి వచ్చేవి. మా ఆయనే చెప్పేవాడు, తల దించుకుని, తప్పు చేసినవాడిలా. "మంచిదే. మంచిదే కదరా" అనేది అత్తయ్య. ఆవిడకి సంతోషంగానే ఉండేది. ఆ సంతోషం చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

*

పోటీల్లో దొరసాని ఒక్క కర్రయినా కదల్చకుండా అన్ని కంచెలూ దూకేసింది. ఆ సాయంత్రం దాని యజమానురాలు బూట్లతో, దుమ్ముతో అలాగే మా ఇంట్లోకి పరిగెత్తుకొచ్చింది. వెనకే మేనేజరు, ఇంకా ఎవరెవరో. అత్తయ్య లేచి నిలబడేలోపే ఆవిడ రెండు చేతులూ పట్టేసుకుంది.

"ఈ చేతులు పెద్దమ్మా! ఈ చేతులకి నేనేమిచ్చుకోగలను? డాక్టర్లకే అంతుబట్టని జబ్బు కనిపెట్టి నయం చేశారు!" అని గట్టిగా గట్టిగా ఊపేస్తోంది. కళ్ళలో నీళ్ళు.

అత్తయ్య తన చేతులకేసి చూస్తోంది. ఎవరో ఇద్దరి చేతులు అక్కడ కలిసి ఉంటే పక్క నుంచి చూస్తున్నట్టు చూస్తోంది.

"నేనేమీ చెయ్యలేదమ్మా" అంది.

"చూశారా, అదీ ఆవిడ గొప్పతనం!" అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. 

"నిజంగానే ఏమీ చెయ్యలేదు బాబూ." 

ఇంకా నవ్వారు. మా ఆయన గబగబా బయటికెళ్ళిపోయాడు. నేను వంటగదిలోకెళ్ళి కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగాను.

"రేపట్నుంచి మళ్ళీ మొదలుపెట్టండి పెద్దమ్మా. మీ కోడలి చేతులు కూడా మానాయిగా, ఈసారికి దాన్ని క్షమించేశాను" అన్నాడు మేనేజరు వెళుతూ.

మర్నాడు పొద్దున అత్తయ్య చొక్కా తీసింది. నేను గుండీలు పెట్టాను. ఆపాలనుంది, ఏమని ఆపను? దొరసాని గది ముందుకెళ్ళి సగం తలుపు మీద చేతులు వేసి "ఏమే, గెలిచావటగా?" అంది. ఆ గొంతు వినగానే దొరసాని గడ్డి తినడం ఆపింది. చెవులు వెనక్కి వాల్చింది. ఒక్కో అడుగే వెనక్కి వేసుకుంటూ వెళ్ళి అవతలి గోడకి ఆనుకుని నిలబడింది. దాని కాళ్ళు వణుకుతున్నాయి, వచ్చిన కొత్తలో వణికినట్టు.

అత్తయ్య గడియ తియ్యలేదు. చాలాసేపు అలాగే నిలబడింది. నేను బకెట్టు కింద పెట్టి ఆవిడ పక్కన నిలబడ్డాను. నా చేతనైంది అంతే.

అటు నుంచి అటే ఆఫీసు గదిలోకి వెళ్ళి పని మానేస్తున్నానని చెప్పింది. మేనేజరు అదిరిపడ్డాడు. "ఇప్పుడా? ఇంత పేరొచ్చాక? ఎందుకూ?" అని ప్రాణాలు తోడేశాడు. చివరికి అతను గుమ్మంలో ఉన్న నన్నొకసారి చూసి, గొంతు తగ్గించి "కోడలితో పడట్లేదా పెద్దమ్మా?" అన్నాడు.

"ఆ. పడట్లేదు బాబూ" అంది అత్తయ్య. "మహా గయ్యాళి."

నేను గయ్యాళిలాగే మొహం ముడుచుకుని నిలబడ్డాను.

*

వానలు మొదలయ్యాయి. ఆపరేషనూ అయింది, కుట్లూ మానాయి. పోటు తగ్గింది, తిమ్మిరి తగ్గింది, అవి తగ్గినచోట ఇంకేమీ రాలేదు. రోజూ నూనె రాసి వేళ్ళు మర్దనా చెయ్యమన్నాడు డాక్టరు. మధ్యాహ్నం పనులయ్యాక ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి నేను కింద కూర్చుని, ఒక్కో వేలూ మొదలు నుంచి చివరి దాకా రాసేదాన్ని. ఆవిడ చేతులు ఎంత గట్టివో నాకప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ గుర్రం తప్ప ఏమీ తగలని నా వేళ్ళకి ఆ అరచేతిలో ఎక్కడెక్కడ కాయలు కాశాయో, ఏ కండ ఎక్కడ కరిగిపోయిందో అన్నీ తగులుతున్నాయి. చెబితే ఎగిరి గంతేసేది ఒకప్పుడు. చెప్పలేదు.

మొదట్లో కళ్ళు తెరిచి నా వేళ్ళనే చూస్తూ "ఆ, ఇప్పుడు కొంచెం తెలుస్తోందే" అనేది. తరవాత తరవాత కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలడం మొదలుపెట్టింది.

ఒకరోజు అలాగే రాస్తున్నాను. బయట వాన జోరుగా కురుస్తోంది. లాయంలోంచి ఏదో గుర్రం సకిలించింది. ఏదో నేను పోల్చుకోలేను, ఆవిడ పోల్చుకుంటుంది. కళ్ళు తెరవకుండానే ఆవిడ తల అటు తిప్పింది. నాకు ఇక ఆగలేదు. చేతులు తీసేసుకుని, చప్పుడు కాకుండా చెంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. ఆవిడ చేతులు రెండూ కుర్చీ చేతుల మీద నూనెతో మెరుస్తూ ఒంటరిగా పడున్నాయి.

"ఆ, అక్కడే" అంది అత్తయ్య, కళ్ళు మూసుకునే. "అక్కడే అమ్మాయ్. ఇప్పుడు బాగా తెలుస్తోంది. కాస్త మెత్తగా పట్టు."

నా చేతులు నా ఒళ్ళోనే ఉన్నాయి.

"అలాగే అత్తయ్యా" అన్నాను.